దూకడం నేర్పారు, దూకుడు తగ్గించారు: పెర్రీన్ బ్రిడ్జి బేస్ జంపింగ్ కోర్సు రివ్యూ

నాలుగు రోజులు, తొమ్మిది జంపులు, అద్దె రిగ్గుతో (పారాచూట్, దాన్ని వీపుకి కట్టుకునే సంచీ) కలిపి వెయ్యి డాలర్ల పైచిలుకు, ఎడమ మోకాలి మీద ఇంకా పూర్తిగా పోని కమిలిన మచ్చ. ఇదీ లెక్క. అమెరికాలో ఐడహో రాష్ట్రంలో ట్విన్ ఫాల్స్ అనే ఊరి పక్కన, స్నేక్ నది లోయ మీద ఉన్న పెర్రీన్ బ్రిడ్జి నుంచి బేస్ జంపింగ్ నేర్పే కోర్సు ఒకటి పోయిన మే నెలాఖరులో చేశాను. నేర్పినవాళ్ళ పేరు రాయడం లేదు, పొగడ్తలతో పాటు తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి. అయినా ఇందులో చెప్పేవి ఎవరి దగ్గర చేరినా పనికొస్తాయి. ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటి ఎందుకు కోశానో కింద వస్తుంది.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బేస్ అంటే బిల్డింగ్, యాంటెనా, స్పాన్, ఎర్త్ అనే నాలుగు మాటల్లోని మొదటి అక్షరాలు. మేడ, టవర్, వంతెన, కొండ. విమానం ఉండదు, కదలని ఒక చోట నుంచి పారాచూట్‌తో దూకడమే. పెర్రీన్ బ్రిడ్జి నది మీద 486 అడుగుల ఎత్తున ఉంటుంది, 1976లో కట్టడం పూర్తయింది, ఉక్కు కమాను వంతెన, పైన కార్లు లారీలు పోతూనే ఉంటాయి. దీని ప్రత్యేకత ఏంటంటే ఏడాది పొడుగునా ఏ రోజైనా పర్మిట్ లేకుండా చట్టబద్ధంగా దూకొచ్చు. వెస్ట్ వర్జీనియాలో న్యూ రివర్ గార్జ్ బ్రిడ్జి 876 అడుగులు, కానీ అక్కడ అక్టోబరులో ఒక్క శనివారమే అందరికీ అనుమతి. నేషనల్ పార్కుల్లో దూకితే పట్టుకుంటారు. అందుకే ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో నేర్చుకోవడానికి ఇక్కడికే వస్తారు. మా బ్యాచ్‌లో ఏడుగురం ఉంటే అమెరికా వాళ్ళు ముగ్గురే. నేను ఉండేది బాయిసీలో, కారులో రెండు గంటలు, కాబట్టి నాకిది ఇంటి పక్క బడి లాంటిది.

ఒక చిన్న పక్కమాట. ఈ పెర్రీన్ ఎవరా అని చూస్తే, ఆ ఎండు నేలకి స్నేక్ నది నీళ్ళు మళ్ళించి పొలాలు చేయించినవాడట, ఆయన పట్టుబట్టి తెచ్చిన మిల్నర్ డ్యామ్ 1905లో పూర్తయింది. మాది రాజమండ్రి. ధవళేశ్వరంలో కాటన్ దొర బొమ్మ చూస్తూ పెరిగినవాణ్ణి కదా, నీళ్ళు తెచ్చినాయన పేరున్న వంతెన మీద నుంచి మొదటిసారి దూకుతున్నానంటే ఎందుకో కాస్త మంచి శకునంగానే అనిపించింది.

ఇక కోర్సు సంగతి. చేర్చుకునేటప్పుడే వీళ్ళు మొదటి మార్కు కొట్టేశారు. కనీసం 200 స్కైడైవ్‌లు, అంటే విమానంలోంచి దూకిన జంపులు, లేనిదే మాట్లాడరు. లాగ్‌బుక్ ఫొటోలు పంపమన్నారు, ఏ పారాచూట్ ఎన్నిసార్లు వాడాను, గాలి ఎక్కువున్న రోజుల్లో ఎక్కడ దిగాను, అనుకున్న చోటికి ఎంత దూరంలో దిగాను, అన్నీ అడిగారు. నాకు అప్పటికి 231 అయ్యాయి. మా ఆఫీసులోనే పనిచేసే ఒక కుర్రాడు, వాడికి 60 జంపులున్నాయి, నాకంటే బాగా ఎగురుతాడు కూడా, తనూ వస్తానని అప్లై చేస్తే వద్దు పొమ్మన్నారు. "డబ్బులిస్తానంటే వద్దంటారేంటన్నా, వీళ్ళకి బిజినెస్ తెలీదు" అని నాతో వారం రోజులు గొణిగాడు. నాకూ అప్పుడు అన్యాయమే అనిపించింది. మొదటి రోజు సాయంత్రానికి ఆ అభిప్రాయం మారిపోయింది.

ఎందుకంటే మొదటి రోజంతా దూకనే లేదు. బ్రిడ్జి పక్కన విజిటర్ సెంటర్ ఉంది, దాని దగ్గర గడ్డి మీద టార్పాలిన్లు పరిచి పొద్దుటి నుంచి పారాచూట్ మడతపెట్టడమే పని. స్కైడైవింగ్‌లో నేను పది, పదిహేను నిమిషాల్లో మడతపెట్టేసేవాణ్ణి, బద్ధకమేస్తే ప్యాకర్‌కి డబ్బులిచ్చి కాఫీ తాగడానికి పోయేవాణ్ణి. అక్కడ మడత కాస్త అటూ ఇటూ అయినా పారాచూట్ తెరుచుకుంటుంది, ఒకవేళ మొరాయిస్తే రిజర్వ్, అంటే రెండో పారాచూట్, ఉంటుంది, మనకి స్పృహ తప్పినా దానంతట అదే రిజర్వ్‌ని తెరిచే చిన్న యంత్రం కూడా వీపు మీద ఉంటుంది. ఇక్కడ ఒకటే పారాచూట్. రెండోది పెట్టుకున్నా దాన్ని వాడేంత ఎత్తు ఎక్కడుంది? అందుకని ఉన్న ఒక్కటి తిన్నగా, మన మొహం ఎటుందో అటే తెరుచుకోవాలి. కుడి పక్క మడత, ఎడమ పక్క మడత అద్దంలో చూసుకున్నట్టు ఒకేలా ఉండాలి. బట్టలారేసే క్లిప్పులకి పెద్దన్నల్లాంటి క్లాంపులు ఆరో ఎనిమిదో పెట్టి, ఒక్కో మడత సర్ది, క్లాంపు వేసి, మళ్ళీ వెనక్కి వెళ్ళి చూసుకుని, ఇలా మొదటిది పూర్తిచేయడానికి నాకు గంటా నలభై నిమిషాలు పట్టింది. మా ఆవిడ కూడా వచ్చింది, బెంచీ మీద కూర్చుని ఇదంతా చూసి "నా చీర కుచ్చిళ్ళు ఒక్క నిమిషం పట్టుకోమంటే విసుక్కుంటావు" అంది. పోలిక సరిగ్గా సరిపోయింది కాబట్టి జవాబు చెప్పలేకపోయాను.

మా కోచ్‌కి యాభై దాటి ఉంటాయి, వేలల్లో జంపులున్న మనిషి, మాటలు తక్కువ. నేను మూసేసిన రిగ్గుని ఆవిడ ఒకసారి చూసి, "ఇది నువ్వే వేసుకుని దూకుతావా?" అని అడిగింది. అవునన్నాను. "పైలట్ చూట్ ఎలా మడిచావో చెప్పు" అంది. పెద్ద పారాచూట్‌ని బయటికి లాగే చిన్న పారాచూట్ అది. చెప్పడం మొదలుపెట్టాక మధ్యలో ఆగిపోయాను, ఒక చోట తాడు ఎటు పక్క నుంచి తెచ్చానో గుర్తు రాలేదు. అంతే, విప్పించేసింది. తప్పు చేశానని కాదు, చేశానో లేదో నాకు తెలియదు కాబట్టి. ఆ రోజు మూడుసార్లు మడిచాను. నాలుగు రోజుల కోర్సులో నాకు అన్నిటికంటే విలువైన రోజు అదే అని ఇప్పుడనిపిస్తుంది, అప్పుడు మాత్రం నడుం పట్టేసి, డబ్బులు దండగ అనుకుంటూ హోటల్‌కి వెళ్ళాను.

రెండో రోజు పొద్దున్నే ఏడింటికి బ్రిడ్జి మీద నడిచే దారిలో రెయిలింగ్ అవతలికి కాలు వేశాను. 231 సార్లు విమానంలోంచి దూకినవాణ్ణి, నాకేంటి అనుకున్నాను. ఏమీ పనికిరాలేదు, అస్సలు. విమానం తలుపు దగ్గర నేల మ్యాపులా ఉంటుంది, భయం వేసేంత దగ్గరగా ఏదీ కనిపించదు. ఇక్కడ నదిలో పడవ, పడవలో మనిషి, ఆ మనిషి టోపీ కూడా కనిపిస్తున్నాయి. వెనకాల లారీ వెళ్తే బ్రిడ్జి మొత్తం అరికాళ్ళలో వణికింది. మోకాళ్ళు లారీ వల్ల వణుకుతున్నాయా వాటంతటవే వణుకుతున్నాయా తెలీదు. ఇంకో తేడా కూడా ఉంది, ఇది స్కైడైవర్లు అర్థం చేసుకోవాల్సింది. విమానంలోంచి బయటపడగానే గంటకి తొంభై మైళ్ళ గాలి మనల్ని పట్టుకుంటుంది, చెయ్యి కొంచెం తిప్పితే ఒళ్ళు తిరుగుతుంది, తప్పుగా దూకినా గాలిలో సర్దుకోవచ్చు. బ్రిడ్జి దగ్గర మొదటి క్షణాల్లో గాలే ఉండదు, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అడుగు వేసేటప్పుడు ఛాతీ ఎలా ఉందో, తల ఎలా ఉందో, కింద పడేదాకా అలాగే ఉంటుంది. తల వంచి కిందికి చూశావా, అలాగే బొక్కబోర్లా తిరుగుతావు. అందుకే ఎదురుగా లోయ అంచు మీద ఒక రాయి చూపించి, దాన్ని చూస్తూ అడుగు వెయ్యమన్నారు.

మొదటి మూడు జంపుల్లో పైలట్ చూట్ మన చేతిలో ఉండదు, కోచ్ పట్టుకుంటుంది. మనం పడుతుంటే ఆ తాడు బిగిసి, సంచీని మూసి ఉంచే పిన్నులు లాగి, పారాచూట్‌ని బయటికి తీసి, ఆ తర్వాత ఆవిడ చేతిలోంచి జారిపోతుంది. కాబట్టి దాదాపు వెంటనే తెరుచుకుంటుంది. నేను రాయిని చూడలేదు, నిజం చెప్పాలంటే ఏమీ చూడలేదు, కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ ఏదీ గుర్తు లేదు. తలెత్తితే పారాచూట్ ఉంది. ఇరవై సెకన్లలో ఒడ్డున రాళ్ళ మధ్య మోకాలు కొట్టుకుని దిగాను. కింద ఉన్న రెండో కోచ్ "పైన ఏం జరిగిందో చెప్పు" అని నోట్‌బుక్ తీశాడు. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. "తెరుచుకుంది" అన్నాను. అతను అదే రాసుకున్నాడు.

ఈ నోట్‌బుక్ పద్ధతి గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నేర్చుకున్నదంతా నిజానికి అందులోనే ఉంది. ప్రతి జంపు తర్వాత, పైకెక్కడానికి ముందు, మనమే చెప్పాలి: ఏం చూశాను, ఎన్ని లెక్కపెట్టాను, పారాచూట్ ఎటు తిరిగి తెరుచుకుంది, ఏ చేత్తో ఏం చేశాను. తర్వాత వీడియోతో పోల్చి చూస్తారు. మొదటి జంపుకి నా పేజీలో ఒక్క పదం ఉంది. మూడోదానికి నాలుగు లైన్లు. ఐదోదానికి ఆ ఎదురు రాయి రంగు, బ్రిడ్జి మీద హారన్ కొట్టిన కారు, ఎడమ భుజం కొంచెం కిందికి ఉందని నాకే తెలియడం, అన్నీ ఉన్నాయి. సెకన్లు అన్నిసార్లూ అవే, కానీ అందులో పట్టే సంగతులు పెరుగుతూ పోయాయి. ధైర్యం అంటే భయం పోవడమేమో అనుకునేవాణ్ణి. భయం ఐదో జంపుకీ అంతే ఉంది, గుండె అలాగే కొట్టుకుంది, కానీ దాని పక్కన చూడ్డానికీ లెక్కపెట్టడానికీ కొంచెం చోటు దొరికింది.

నాలుగో జంపు నుంచి పైలట్ చూట్ మన చేతికే ఇస్తారు, అడుగు వేసి, లెక్కపెట్టి, విసరాలి. ఇక్కడ లెక్క కచ్చితంగా తెలియాలి. మొదటి సెకనులో 16 అడుగులు పడతాం, రెండు పూర్తయ్యేసరికి 64, మూడు పూర్తయ్యేసరికి 144. 486 అడుగులంటే ఐదున్నర సెకన్లకి నీళ్ళు. అంటే మూడు లెక్కపెట్టి విసిరినవాడికీ నాలుగు లెక్కపెట్టినవాడికీ మధ్య తేడా ఒక్క సెకను, కానీ ఎత్తులో నూట పది అడుగులకి పైనే. టెన్షన్‌లో మనం లెక్కపెట్టే ఒకటి, రెండు అసలు సెకన్లు కావు, నాది వీడియోలో చూస్తే "రెండు" అన్నది సెకనున్నర కూడా లేదు. అదే నయం అన్నారు. నెమ్మదిగా లెక్కపెట్టేవాడితోనే ప్రమాదమట. పైలట్ చూట్ సైజులు కూడా దీన్నిబట్టే, తక్కువసేపు పడేటప్పుడు గాలి వేగం తక్కువ కాబట్టి పెద్దది కావాలి, ఎక్కువసేపైతే చిన్నది. ఈ భాగం చాలా బాగా చెప్పారు.

ఇక ఏడో జంపు. ఇది నా సొంత బుద్ధితక్కువ పని, కోచ్‌ల తప్పేం లేదు. మూడో రోజు సాయంత్రం, ఆరు జంపులయ్యాయి, ఆరూ బాగానే దిగాను, ఎండ తగ్గింది, గాలి పడిపోయింది, మిగతావాళ్ళు అప్పటికే బ్రిడ్జి మీదికి వెళ్తున్నారు. నేను అరగంటలో మడత ముగించేశాను. గంటా నలభై నుంచి అరగంటకి వచ్చానని లోపల్లోపల గర్వం. రెయిలింగ్ దగ్గర కోచ్ వీపు వెనక చెయ్యి పెట్టి చూస్తూ ఆగిపోయింది. పైలట్ చూట్‌ని పారాచూట్‌కి కలిపే బ్రైడల్ వెళ్ళాల్సిన చోటు నుంచి కాకుండా భుజం పట్టీ కింది నుంచి వెళ్ళింది. అలాగే దూకి ఉంటే పైలట్ చూట్ విసిరినా పిన్నులు ఊడకపోవచ్చు. ఆవిడ అరవలేదు, తిట్టలేదు. రెయిలింగ్ ఇవతలే ఉండమని, చెయ్యి పట్టుకుని బ్రిడ్జి చివరిదాకా నడిపించుకెళ్ళి, గడ్డి మీద కూర్చోబెట్టి, మొదటి నుంచి మడవమంది. మడిచేసరికి చీకటి పడింది. ఆ సాయంత్రం అందరూ దూకారు, నేను దూకలేదు.

రాత్రి హోటల్‌లో నిద్ర పట్టలేదు. ఒకటో జంపు ముందు పట్టనిది వేరు, ఇది వేరు. ఒకటో జంపుకి నాకు ఏమీ రాదని నాకు తెలుసు, అందుకే అన్నీ రెండుసార్లు చూసుకున్నాను. ఏడో దగ్గరికి వచ్చేసరికి వచ్చేసిందనుకున్నాను. పనితనం ఇంకా మొక్కలా ఉండగానే నమ్మకం మానైపోయింది. కోచ్ మర్నాడు చెప్పిన ప్రకారం చాలామందికి ఈ బుద్ధి ఐదుకీ పదికీ మధ్యలో పుడుతుందట, ఆవిడ ఆ సాయంత్రం నా కోసమే వెయిట్ చేస్తోందట.

ఏడో జంపు మర్నాడు పొద్దున మామూలుగా అయిపోయింది. ఎనిమిదో జంపులో పారాచూట్ దాదాపు తొంభై డిగ్రీలు కుడికి తిరిగి తెరుచుకుంది. కారణం మడతేనో, నా భుజమో. ఒక్కసారిగా చేతులు వెనక రైజర్ల (మనల్ని పారాచూట్ తాళ్ళకి కలిపే పట్టీలు) మీదికి వెళ్ళాయి, తిప్పాను, టాగిల్స్ (పారాచూట్‌ని నడిపే పిడులు) అందుకున్నాను, ఒడ్డున నిలబడి దిగాను. ఆలోచించలేదు. నోట్‌బుక్‌లో మాత్రం పేజీన్నర చెప్పాను, కింద కోచ్ నవ్వుతూ "ఇంక చాలు" అన్నాడు. చేతులు వాటంతటవే వెళ్ళడానికి కారణం 231 స్కైడైవ్‌లు అని అప్పుడర్థమైంది. గాలిలో పారాచూట్‌ని రైజర్లతో తిప్పడం అక్కడ వందలసార్లు సరదాకి చేశాను. 60 జంపుల కుర్రాణ్ణి ఎందుకు వద్దన్నారో కూడా.

ఇప్పుడు తిట్లు. ఏడుగురికి ఇద్దరు కోచ్‌లు అంటే ఒకరు పైన, ఒకరు కింద. అంటే మడతపెట్టే చోట ఎవరూ ఉండరు. నా ఏడో జంపు గొడవ అక్కడే దొరికిపోవాల్సింది, రెయిలింగ్ దాకా రాకూడదు. డబ్బులు తీసుకుంటున్నారు కదా, మూడో మనిషిని పెట్టుకోవచ్చు. రెండు, గాలి. ఈ లోయలో మధ్యాహ్నాలు గాలి ఎక్కువ, పొద్దున, సాయంత్రమే పని, మధ్యలో నాలుగైదు గంటలు ఖాళీ. ఆ సంగతి ముందే చెప్పి ఉంటే క్లాసు ఏదో పెట్టమనేవాళ్ళం, ఊరికే కూర్చోబెట్టారు. మేమిద్దరం ఒకరోజు షోషోన్ జలపాతం చూసొచ్చాం, 212 అడుగులు, మేలో నీళ్ళు బాగా ఉన్నాయి, అది కోర్సు వాళ్ళ గొప్పేం కాదు. మూడు, వీడియోలు నేర్పడానికి తీస్తారు కానీ మనకి కావాలంటే విడిగా డబ్బులు. ఇది కక్కుర్తి. నాలుగు, మోకాలి ప్యాడ్లు. ఎంతమంది వాడారో, ఎలాస్టిక్ సాగిపోయి మొదటి జంపులోనే చీలమండకి జారిపోయాయి, ఈ మచ్చ దాని పుణ్యమే.

కింద నుంచి పైకి ఎక్కడం గురించి ఎవరూ చెప్పలేదు, అందుకని నేను చెప్తున్నా. దూకడం ఇరవై సెకన్లు, ఎక్కడం నలభై నిమిషాలు. వీపు మీద రిగ్గు, రాళ్ళు, చేతులు వేసి ఎక్కాల్సిన చోట్లు. డబ్బులిస్తే పడవలో తీసుకెళ్ళేవాళ్ళు అప్పుడప్పుడు దొరుకుతారు, రోజుకి మూడో జంపు దగ్గర నేను బేరం కూడా ఆడలేదు. ఇదే బ్రిడ్జి మీద మైల్స్ డైషర్ అనే ఆయన 2005లో 24 గంటల్లో 57 సార్లు దూకి, ప్రతిసారీ నడిచే పైకెక్కాడు. రోజుకి మూడుసార్లు ఎక్కినవాడిగా చెప్తున్నా, నాకు ఆ దూకడాల కంటే ఎక్కడాలే నమ్మబుద్ధి కావడం లేదు.

ఒక హెచ్చరిక. ఈ కోర్సు ఇచ్చే నమ్మకం ఈ బ్రిడ్జి దగ్గర చెల్లుతుంది, అంతే. నా ఎనిమిదో జంపు తొంభై డిగ్రీలు తిరిగినప్పుడు ఎదురుగా ఏముంది? ఖాళీ గాలి. అదే కొండ అంచు నుంచైతే రాయి ఉండేది. పూర్తిగా వెనక్కి తిరిగి తెరుచుకున్నా ఇక్కడ వంతెన కింది నుంచి దూరి అవతలికి పోవచ్చు, కొండ అయితే గోడకి కొట్టుకుంటావు. అనుభవం ఎంతున్నా ఈ ఆట లెక్కచేయదు, ఈ ఆటకి రూపం ఇచ్చిన కార్ల్ బోనిష్ అంతటివాడు 1984లో నార్వేలో ట్రోల్ వాల్ మీద నుంచి దూకి పోయాడు. మా కోచ్ సర్టిఫికెట్ ఇస్తూ, ఇంకో యాభై జంపులు ఇలాంటి వంతెనల మీదే చెయ్యమంది, ప్రతిసారీ తొంభై డిగ్రీల లోపు తెరుచుకుంటోందో లేదో నోట్‌బుక్‌లో రాసుకోమంది, కొండల మాట అప్పుడు మాట్లాడదాం అంది. మా బ్యాచ్‌లో ఒకతను మాత్రం అప్పటికే స్విట్జర్లాండ్‌లో కొండల మీద నుంచి దూకే లాటర్‌బ్రున్నెన్ లోయకి టికెట్ బుక్ చేసుకున్నాడు. అతనికి కోచ్ చాలాసేపు విడిగా ఏదో చెప్పింది, విన్నట్టు లేడు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: మే, జూన్, సెప్టెంబరు బాగుంటాయి. లైఫ్ ఇన్సూరెన్స్ ఉంటే కాగితాలు తీసి చదవండి, మాదాంట్లో ఇలాంటి ఆటలకి వర్తించదని చిన్న అక్షరాల్లో ఉంది, అది మా ఆవిడ కనిపెట్టింది, నేను కాదు. ఆ రోజు నుంచి తను బెంచీ మీద కూర్చోకుండా నా మడత పక్కనే కూర్చుని బ్రైడల్ ఎటు పోతోందో చూస్తోంది. కోచ్ లేని లోటు అలా తీరింది. అమ్మకి ఇంకా చెప్పలేదు.

ఆఫీసు కుర్రాడికి ఇప్పుడు 140 అయ్యాయి. మొన్న మళ్ళీ వాళ్ళకి ఫోన్ చేశాడట, ఇంకో అరవై చేసుకుని రమ్మన్నారట, ఈసారి గొణగలేదు. నా నోట్‌బుక్ అడిగి తీసుకెళ్ళాడు. మోకాలి ప్యాడ్లు కూడా అడిగితే మాత్రం, సొంతవి కొనుక్కో తమ్ముడూ, అక్కడివి జారిపోతాయి, నావి నాకు కావాలి అన్నాను.